గురుపీఠం ఒక్కటేనన్నావు బాపూ

వరంగల్
22 జూన్ 2025

బాపూ,

మనిద్దరం ఫోన్లో మాట్లాడుకోవద్దనీ, చెప్పేదేదైనా కాగితం మీద చెప్పుకోవాలనీ అమ్మ పెట్టిన నియమం నేను తప్పడం లేదు. ఫోనైతే మూడో మాటకే గొంతులు లేస్తాయి. ఉత్తరమైతే కనీసం చివరిదాకా చదువుతాం.

ఇక్కడ అందరం బాగున్నాం. బాగా లేనిది నా తరగతి ఒక్కటే. ఈసారి బడి తెరవగానే నా గదిలోకి ఇంకో టీచరు వచ్చింది. పేరు ప్రేమలత, ఊరు తొర్రూరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే శిక్షణ పొందింది. నా నాలుగో తరగతిలో సారక్క అనే పిల్ల ఉంది. పుట్టుకతోనే వినికిడి లేదు. అమ్మానాన్నలు దూరాన భివండీలో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేస్తారు. నానమ్మ యాదవ్వ ఇక్కడ ఒక గది కిరాయికి తీసుకుని, నేతకు నూలు కండెలు చుట్టుకుంటూ పిల్లను బడికి పంపుతోంది. మూడేళ్లుగా ఆ పిల్ల మూలన కూర్చుని బోర్డు మీది అక్షరాలు బొమ్మల్లా దించుకుంటూ ఉండేది.

ఆ పిల్లను బయటికి తీసుకుపోయి విడిగా చెబుతుందేమో అనుకున్నాను. మా హెడ్మాస్టరు కుమారస్వామి సారు అలా కాదన్నారు. ఒకే గది, ఒకే పాఠం, ఇద్దరు టీచర్లట. నేను నోటితో చెబుతుంటే ఆమె పక్కన నిలబడి చేతులతో, బొమ్మలతో చెప్పాలి. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదట, సారక్కకు నా పెదవులు కనబడాలట. నిన్న కూడికల మధ్యలో పిల్లలందరి ముందూ "జర ఆగుండ్రి మేడం, నన్ను పూర్తి చెయ్యనియ్యుండ్రి" అంది. నేను ఆగాను. నలభై మంది పిల్లల ముందు నేనెప్పుడూ ఎవరి కోసమూ అలా ఆగలేదు.

పిల్లలు నా ముఖం చూడడం మానేశారు. అందరి కళ్లూ నా భుజం పక్కకే పోతున్నాయి. నువ్వు వేదిక మీద ప్రవచనం చెబుతుంటే జనం ఇంకెవరినో చూస్తే నీకెలా ఉంటుందో ఆలోచించు. నా బాధ నీకు తప్ప ఇంకొకరికి అర్థం కాదని రాస్తున్నాను.

అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నావా?

నీ బిడ్డ
వినోద


పరకాల
27 జూన్ 2025

బిడ్డా వినోదా,

మీ బాపు పోశయ్య దీవెన. నీ ఉత్తరం పారాయణ వేళకు వచ్చింది. దీపం ముందు పెట్టి, దండం పెట్టుకుని చదివాను. చదివాక పారాయణం మీద మనసు నిలబడలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మగ్గం పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుని, చేతులు నేస్తుంటే కళ్లతో అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. అట్లా నేర్చుకున్నవాణ్ణి కనుక చెబుతున్నా, విను. గురుపీఠం ఒక్కటే. రాక్షసరాజు తన కొడుకు ప్రహ్లాదుణ్ణి చండుడు, అమర్కుడు అని ఇద్దరు గురువులకు అప్పజెప్పాడు. ఏమైంది? ఇద్దరూ కలిసి ఆ పిల్లవాడికి ఒక్క మంచి మాట నేర్పగలిగారా? రాజు కోపానికి భయపడి ఒకరి మీద ఒకరు తోసేసుకున్నారు. నీ బడిలో కూర్చున్నది ఆ చండామార్కుల కథే. దానికి శిక్షణ అనీ పద్ధతి అనీ కొత్త పేర్లు తొడిగారు.

నీ మెతకతనం మీద నాకు కోపం వస్తోంది. "ఆగండి" అంటే ఎందుకు ఆగావు? గదిలో ఉన్నది ఒక్క కుర్చీయేనని నువ్వే ఒకసారి చెప్పావు. ఆ కుర్చీలో నువ్వు కూర్చో. వచ్చినామె నిలబడనీ. నోరు లేని పిల్లకు నాలుగు ముక్కలు చెప్పడానికి నలభై మంది గురువును పక్కకు నెట్టడమేమిటి?

మీ అమ్మ దర్వాజ దగ్గర నిలబడి, "దానికి తోడొకతె దొరికెనని సంబరపడక, ఈ మనిషి అగ్గి వెడతాండు" అంటోంది. ఆమె మాట పట్టించుకోకు. నూనె రాస్తూనే ఉన్నాను.

నీ మేలు కోరే
బాపు


వరంగల్
6 జులై 2025

బాపూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. కుర్చీ వదలడం లేదు. దానివల్ల ఒరిగిందేమీ లేదు, ప్రేమలత ఎప్పుడూ కూర్చోదు. గది నిండా తిరుగుతూ ఉంటుంది.

శుక్రవారం జరిగింది చెబుతాను. నాకు ఒక అలవాటుందని నీకు తెలుసు. గదిలోకి పోగానే కొంగు తిప్పి నడుముకు గట్టిగా దోపుకుంటాను. ఆ రోజు నేను గడప దాటుతుండగా వెనక బెంచీలో ఒకతె పిడికిలి బిగించి నడుముకు గుద్దుకుంది. పక్కది చూసి అదే చేసింది. చూస్తుండగానే తరగతి మొత్తం పిడికిళ్లు నడుములకు గుద్దుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. ప్రేమలత బోర్డు దగ్గర నిలబడి ఉంది. ఆమె పిడికిలి కూడా నడుము దగ్గరే ఉంది. ఆమె కూడా నవ్వుతోంది.

నన్ను వెక్కిరించడం నేర్పిందన్నమాట. ఇన్నాళ్లుగా నా వెనక ఆ చేతులు ఏం చెబుతున్నాయో నాకేం తెలుసు? పాఠమే చెబుతున్నాయని నమ్మాను.

సారక్కను తీసుకుని వరండాలో కూర్చోమని ఆమెకు చెప్పాను. ఆమె ఏదో చెప్పబోయింది, నేను తలుపు దగ్గరికి వేశాను. అప్పటినుంచి వాళ్లిద్దరూ వరండాలోనే. సారు సెలవులో ఉన్నారు, వచ్చాక ఏమంటారో తెలియదు.

గురుపౌర్ణమికి ఇక్కడ వరంగల్‌లో మన నేతగాళ్ల వాడలో నీ ప్రవచనం ఉందని విన్నాను. నాకు ఆ రోజు జనగామలో శిక్షణ ఉంది, రాలేను. కోపంలో రాసిన ఉత్తరం ఇది, చదివి పక్కన పెట్టు.

వినోద


పరకాల
12 జులై 2025

బిడ్డా,

నీకు సంతోషం కలిగించే కబురు. గురుపౌర్ణమి నాడు మందిరం నిండిపోయి జనం వాకిట్లో కూర్చున్నారు. ఎప్పటిలాగే వీరభద్రం పద్యం చదివాడు, నేను అర్థం చెప్పాను. గురువు మహిమ చెబుతూ చెబుతూ ఉంటే నీ ఉత్తరం గుండెలో మండింది. ఇంట్లో జరిగిన సంగతిని దృష్టాంతంగా చెబితే గాని జనానికి శాస్త్రం ఎక్కదని నీకు తెలియనిది కాదు. నీ చిన్నప్పుడు నువ్వు బెల్లం దొంగిలించిన సంగతి కూడా చెప్పినవాణ్ణి.

నీ పేరు చెప్పలేదు, బడి పేరు చెప్పలేదు. ఇంతే అన్నాను: "ఈ ఊళ్లనే ఒక బళ్లె ఒక టీచరమ్మ ఎనక ఇంకొకతె నిలవడి, చేతులాడించుకుంట గురువును ఎక్కిరిస్తాంది. పిల్లలకూ నేర్పింది. గురువును ఎక్కిరించిన చేతులకు పాపం అంటుతది. ఆ పాపం ఇల్లు పట్టుకొని వస్తది. అసొంటి చోటికి బిడ్డను తోలిన పెద్దలు ఆలోచన చేసుకోవాలె." ఒక ముసలామె ఏడ్చింది. ప్రవచనం అయ్యాక వచ్చి నా కాళ్లకు మొక్కి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. మాట తగలవలసిన చోట తగిలిందని నాకు తృప్తి కలిగింది.

నువ్వు గట్టిగా నిలబడు. నీ వెనక నేనున్నాను, నా వెనక గ్రంథం ఉంది.

బాపు


వరంగల్
20 జులై 2025

బాపూ,

ఆ ముసలామె యాదవ్వ.

గురుపౌర్ణమి మర్నాడు సారక్క బడికి రాలేదు. రెండో రోజూ రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక వాళ్ల గదికి పోయాను. తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లు చెప్పారు, పాలకుర్తి పక్కన తమ పల్లెకు పిల్లను తీసుకుపోయిందట. పిల్ల చేతులు కదిలిస్తే చేతుల మీద కొడుతోందట. "ఇప్పటికే దేవుడు నోరు గుంజుకుండు, ఇంక పాపం ఎందుకు మూటగట్టుకుంటవు" అంటూ ఏడుస్తూ కొట్టిందట.

ఇంకొకటి కూడా విను. ప్రేమలతను నిలదీయడానికి పోయాను. పిడికిలి నడుముకు గుద్దుకుని చూపించి, ఇది నేర్పింది నువ్వా కాదా అని అడిగాను. ఆమె ఇలా అంది:

"అది మీ పేరు మేడం. చేతులతోని మాట్లాడేటోళ్లు మనిషి మనిషికి ఒక గుర్తు పెట్టుకుంటరు. ఆ గుర్తే పేరు. మీకేం పేరు పెడదామని సారక్కను అడిగిన. మీరు రాంగనే ఏం చేస్తరో అది చూపెట్టింది. పిల్లలందరు నేర్చుకున్నరు. ఆ దినం మీకు చెప్దామనే నిలవడ్డ. నాకైతే ఆ పిల్ల ఇంకా పేరు పెట్టలేదు."

మూడేళ్లు మూలన కూర్చున్న పిల్ల నోరు తెరవకుండా నన్ను పిలిచిన మొదటి పిలుపు అది. నేను దాన్ని వరండాలోకి నెట్టాను. నువ్వు దాన్ని పాపం అన్నావు.

నేను రాసింది నీకు బాపూ, మందిరానికి కాదు. పక్కన పెట్టమని కూడా రాశాను. నీ చేతికిచ్చిన ప్రతి ఉత్తరాన్నీ నువ్వు వేదిక ఎక్కిస్తావని తెలిసీ రాశాను చూడు, నా తప్పు అది.

వినోద


పరకాల
24 జులై 2025

వినోదా,

తండ్రికి రాసే తీరు ఇదేనా?

నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది నువ్వు. వెక్కిరించిందని రాసింది నీ చేయి. నీ మాట సత్యమని నమ్మి నేను ధర్మం చెప్పాను. ధర్మంలో తప్పు లేదు. గురువును వెక్కిరించడం నేటికీ పాపమే, రేపటికీ పాపమే. అక్కడ వెక్కిరింత జరగలేదంటే ఆ మాట ఆ పిల్లకు వర్తించదు. అంతవరకే. దానికి నేను వేదిక ఎక్కి చెప్పింది తప్పని అనాలా? ఒకసారి అంటే నా నోటి నుంచి వచ్చిన ప్రతి అర్థాన్నీ జనం అనుమానిస్తారు. వీరభద్రం కూడా ఇదే అన్నాడు.

ముసలామెకు నువ్వే నచ్చజెప్పు. నువ్వు చదువుకున్నదానివి, సర్కారు టీచరువు. కావాలంటే నా మాటగా చెప్పు.

మీ అమ్మ రెండు రోజులుగా నాకు అన్నం పెడుతోంది గాని మాట్లాడడం లేదు.

బాపు


వరంగల్
28 జులై 2025

బాపూ,

నేనూ ప్రేమలతా కలిసి యాదవ్వ దగ్గరికి పోయి వచ్చాం. మమ్మల్ని గడపలోకి రానివ్వలేదు. ప్రేమలతను చూడగానే పిల్లను లోపలికి పంపి తలుపు వేసింది. నీ మాటగా చెప్పాను. నమ్మలేదు. "ఆ అయ్య నోట్ల నుంచి నేను విన్న. నువ్వు నీ కొలువు కోసం చెప్తానవు" అంది.

రాఖీ పండగ దాటితే పిల్లను భివండీకి పంపేస్తుందట. అక్కడ బడి ఉండదు. మగ్గాల షెడ్డులో, పట్టీలు తిరిగే యంత్రాల మధ్య, వెనక నుంచి అరిచినా వినబడని పిల్ల. నువ్వు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసినవాడివి. అక్కడ ఏం జరుగుతుందో నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

ఆమె ఒక్కరి మాటే వింటుంది. ఆ ఒక్కరు ఇప్పుడు పరకాలలో కూర్చుని తన మాటకు విలువ తగ్గుతుందేమోనని భయపడుతున్నారు.

ఇంతకంటే రాయడానికి నాకు చేతకావడం లేదు.

వినోద


పరకాల
4 ఆగస్టు 2025

బిడ్డా,

పోయి వచ్చాను.

నీ ఉత్తరం అందినప్పుడు నేను జడభరతుడి కథకు అర్థం రాసుకుంటున్నాను. ఆ మహాజ్ఞాని మాట్లాడడు, పలకడు. మందమతి అని ఊరంతా అనుకుంటుంది, రాజు పల్లకి మోయిస్తాడు. ఆ కథ ఎన్ని ఊళ్లలో చెప్పి ఉంటానో. చెప్పిన ప్రతిచోటా రాజును తిట్టాను. రాజు పక్కన నన్ను నేను ఎప్పుడూ నిలబెట్టుకోలేదు. కలం మూసి బస్సెక్కాను.

నన్ను చూడగానే యాదవ్వ కాళ్లకు నీళ్లిచ్చింది, గద్దె మీద చద్దరు పరిచింది. చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచింది. అందరూ కింద కూర్చున్నారు. నేను కథ చెప్పడానికి వచ్చాననుకున్నారు. పిల్ల గోడ పక్కన కూర్చుని ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఈగ ముఖం మీద వాలినా చేయి తీయలేదు. తల విదిలించింది.

నేను చెప్పాను, ఆ బడి సంగతి నాకు తప్పుగా తెలిసిందని, పిల్ల చేతులకు ఏ పాపమూ లేదని. అంత సులువుగా అయిపోతుందనుకున్నాను. యాదవ్వ చేతులు జోడించే అడిగింది, గొంతు పెంచలేదు.

"గ్రంథం ముంగట వెట్టుకొని చెప్పిన మాట తప్పా అయ్యా? ఇయ్యాల ఉత్తగ ఇంటికొచ్చి చెప్పేది ఒప్పా? నేను దేన్ని పట్టుకోవాలె?"

నా సంచిలో గ్రంథం ఉంది. తీయడానికి చేయి పోలేదు.

"ఆ బళ్లె మీరు కూసొని చూసిండ్రా?"

లేదన్నాను.

"చూడకుండనే చెప్పిండ్రా?"

ఆడవాళ్లందరూ నా ముఖమే చూస్తున్నారు. అవునన్నాను. ఎవరో దగ్గారు.

చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. పిల్లను తీసుకుని ఒక్క రోజు బడికి వస్తుంది. నేను కూడా వచ్చి ఆమె పక్కన కూర్చోవాలి. అక్కడ జరిగేదానికంతా అర్థం విప్పి ఆమెకు చెప్పాలి. మంచిదనిపిస్తే ఉంచుతుంది, లేదంటే అక్కడినుంచే పిల్లను స్టేషనుకు తీసుకుపోతుంది. భివండీ పోయేవాళ్లు ఊళ్లో సిద్ధంగా ఉన్నారట.

సరేనన్నాను. మీ సారును అడిగి రోజు చెప్పు.

బాపు


వరంగల్
8 ఆగస్టు 2025

బాపూ,

సారు ఒప్పుకున్నారు. మంగళవారం రండి.

వేదిక మీదికి వచ్చినట్టు కండువా కప్పుకుని, గ్రంథం పట్టుకుని రాకు. వెనక బెంచీలో కూర్చో. పిల్లలకు కథ చెబుతాననకు. అందరి ముందూ నన్ను దీవిస్తూ అక్షింతలు వేయకు.

నాకు భయంగా ఉంది. మేమిద్దరం కలిసి పాఠం చెప్పక నెల దాటింది. క్షమించమని ప్రేమలతను అడగబోతే, "ముందు పిల్లను రానియ్యుండ్రి మేడం, ఆ ముచ్చట తర్వాత" అంది. యాదవ్వకు నచ్చేలా ఏదైనా ప్రత్యేకంగా తయారుచేద్దామా అన్నాను. వద్దంది. "ఆమె తమాష చూస్తానికి వస్తలేదు. పిల్లను ఎక్కడ విడిచిపెడుతుందో చూస్తానికి వస్తాంది. రోజు చెప్పినట్టే చెప్దాం." ఆ రోజు నేను ఎక్కడ ఆగాలో, ఆమె ఎక్కడ అందుకోవాలో నిన్న సాయంత్రం ఖాళీ గదిలో నిలబడి చూసుకున్నాం. నేను రెండుసార్లు ఆమె మాట మీదికి పోయాను.

సారక్క చేతులు కదిలించకపోతే ఏం చేయాలో మాకిద్దరికీ తెలియదు.

వినోద


పరకాల
14 ఆగస్టు 2025

బిడ్డా వినోదా,

మంగళవారం నీతో మాట్లాడకుండానే బస్సెక్కి వచ్చేశాను. కోపం వచ్చి కాదు. అక్కడ నిలబడితే ఏదో ఒకటి చెబుతానేమోనని భయపడ్డాను.

వెనక బెంచీలో ఉన్న నన్ను నువ్వు చూస్తూనే ఉన్నావు గాని, నా పక్కన జరిగింది నీకు తెలియదు. అది రాస్తాను.

నువ్వు వాన ఎలా పడుతుందో చెప్పడం మొదలుపెట్టావు. ప్రేమలత చేతులు లేచాయి. యాదవ్వ నా చెవి దగ్గరికి వంగి "ఆమె ఏమంటాంది అయ్యా?" అని అడిగింది. నేను చూశాను. వేళ్లు కిందికి దిగుతున్నాయి, మళ్లీ పైకి పోతున్నాయి. వాన అని చెబుదామనుకున్నాను. పైకి ఎందుకు పోతున్నాయో తెలియలేదు. ఊహించి చెప్పడం నాకు కష్టం కాదు. ఇన్నేళ్లూ తెలియని పద్యానికి కూడా ఏదో ఒక అర్థం చెప్పి నెట్టుకొచ్చినవాణ్ణి. ఈసారి అలా చెప్పలేదు.

"తెల్వది," అన్నాను.

కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ తెలియదన్నాను. మూడోసారి నన్ను అడగలేదు. ముందు బెంచీలో కూర్చున్న రెండు జడల పిల్ల భుజం తట్టి అడిగింది. ఆ పిల్ల వెనక్కి తిరగకుండానే, "నీళ్లు ఎండకు పైకి పోతానయ్ అవ్వా, మబ్బయితానయ్" అంది. ఆ తర్వాత యాదవ్వ ప్రతి సంగతీ ఆ పిల్లనే అడిగింది. నేను కూడా ఆ పిల్ల చెప్పిందే విన్నాను. నువ్వు ఎక్కడ ఆగుతున్నావో, ఆమె ఎక్కడ అందుకుంటోందో అప్పుడు కనబడింది. ఒకచోట నువ్వు తొందరపడి, నీ అంతట నువ్వే ఆగావు. పిల్లలెవరూ దాన్ని తక్కువగా చూడలేదు బిడ్డా. చూసింది నేనూ నువ్వూ మాత్రమే.

నువ్వు ప్రశ్న అడిగావు. నలభై చేతులు లేచాయి. సారక్క చేతులు తొడల కిందే ఉన్నాయి. నువ్వు ఆమె వైపే చూస్తూ నిలబడ్డావు. ప్రేమలత కూడా కదలలేదు. పిల్ల మెల్లగా వెనక్కి తిరిగి నానమ్మను చూసింది. యాదవ్వ నన్ను చూస్తుందనుకున్నాను. చూస్తే పరవాలేదని తల ఊపాలని సిద్ధంగా కూర్చున్నాను. నా బతుకులో నేను ఇవ్వబోయిన అతి చిన్న ప్రవచనం అది.

ఆమె నన్ను చూడలేదు. లేచి బెంచీల మధ్య నడిచిపోయింది. తొడల కింద ఉన్న పిల్ల చేయి ఒకటి తానే తీసి బల్ల మీద పెట్టింది. రెండో చేయి కూడా తీసి పెట్టింది. తాను కొట్టిన చోట కాసేపు నిమిరింది. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ తర్వాత స్టేషను మాట ఎత్తలేదు.

వచ్చే ఆదివారం అదే మందిరంలో ఈ సంగతంతా చెబుతాను. చూడకుండా చెప్పానని, చూశాక నాకు తెలియదని. వీరభద్రం వద్దన్నాడు. ఆ మాట అంటే తాను పద్యం చదవనని లేచి పోయాడు. పద్యం లేకుండానే చెబుతాను. ఎవరు లేచిపోయినా పోనీ.

ఒక సంగతి మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆ చేతులు చాలాసేపు బల్ల మీద అలాగే ఉన్నాయి. తర్వాత లేచాయి. ఆ పిల్ల ఏదో చెప్పింది, పొడుగ్గానే చెప్పింది. గది మొత్తం నవ్వింది. ప్రేమలత నవ్వింది, నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నావు. యాదవ్వ కూడా రెండు జడల పిల్లను అడిగి తెలుసుకుని నవ్వింది. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. అడగడానికి నాకు సిగ్గనిపించింది.

ఏం చెప్పింది బిడ్డా? నాకు రాయి.

బాపు